చెరువులో గేదె బేరం: మొదటి ట్రయాథ్లాన్‌కి పాత సైకిల్

(ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ ట్రయాథ్లాన్. అందులో మొదటిసారి దిగబోతున్నవాళ్ళ కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా కలిపాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, మొదటి వరస మొత్తం ఖాళీగానే ఉంది.

ముందు ఒక లెక్క తేల్చుకుందాం. గేర్లున్న సైకిల్ ఏదో ఒకటి ఇంట్లో ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఊఁ, సగానికి కొంచెం తక్కువ. చేతులెత్తినవాళ్ళకి నా ప్రసంగం ఇక్కడితో అయిపోయింది. (నవ్వులు) నవ్వులాటకి కాదు, నిజంగానే చెప్తున్నా. ఆ సైకిల్ మీ ఎత్తుకి సరిపోయి, రెండు బ్రేకులూ గట్టిగా పడుతుంటే, స్ప్రింట్ అనే తక్కువ దూరం పోటీకి, మొదటిసారికి, దాన్నే తీసుకెళ్ళండి. మౌంటెన్ బైక్ అయినా ఫర్వాలేదు. గట్లు గట్లుగా ఉండే టైర్లు తీసేసి నున్నటి సన్న టైర్లు వేయించండి, ముందు ఫోర్కు ఊగకుండా లాక్ చేసే మీట ఉంటే వేసేయండి. పోటీ నిర్వాహకుల నియమాలు మాత్రం ఒకసారి చదువుకోండి, కొన్ని పోటీల్లో కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్ తప్పనిసరి. అలాంటి అడ్డు లేకపోతే ఈ ఏడాదికి డబ్బు జేబులోనే ఉంచుకోండి.

సైకిల్ లేనివాళ్ళు, లేదా ఉన్నది పిల్లల సైజు అయినవాళ్ళు, ఇక మీతోనే నా మాట.

స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరమైతే అన్నీ రెట్టింపు: 1.5, 40, 10. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది స్ప్రింట్‌కే పేరిచ్చారు. గంటకి 25 కిలోమీటర్లతో తొక్కితే 20 కిలోమీటర్లకి 48 నిమిషాలు. అంటే మనం కొనబోయే వస్తువు పోటీరోజు మనతో గంట లోపే ఉంటుంది. దానికి ముందు మూడు నాలుగు నెలలు రోజు విడిచి రోజు సాధన చేసేది కూడా దాని మీదే. కాబట్టి పోటీలో ఎంత వేగంగా పోతుందన్నది తర్వాత చూద్దాం. తెల్లారి అయిదింటికి లేచి దాని మీద కూర్చోబుద్ధి అవుతుందా లేదా, నేను అన్నిటికంటే ముందు అడిగేది అది.

ఈ ప్రశ్న వేసుకోకుండా నేను చేసిన ఘనకార్యం చెప్తాను.

మొదటి పోటీకి పేరిచ్చిన వారానికే నాకు ట్రయాథ్లాన్ సైకిల్ మోజు పట్టుకుంది. ఫోటోలో చూశాను. నల్లగా, బాణంలా ఉంది. హ్యాండిల్ మీద మోచేతులు ఆనించే ఏరో బార్లు, లోతైన రిమ్ములు. ధర చూస్తే నమ్మబుద్ధి కాలేదు, అంత తక్కువ. గేదెను చెరువులో ఉంచి బేరమాడడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. నీళ్ళ పైకి కనిపించిన కొమ్ములు చూసి కొనేశాను. అమ్మినాయన అబద్ధం ఏమీ ఆడలేదు, నేనే ఏమీ అడగలేదు. చక్రాలు మామూలు రోడ్ సైకిల్ కంటే కాస్త చిన్నవిగా ఉంటే అదో స్టైల్ అనుకున్నాను.

ఏరో బార్ల మీద పది నిమిషాలు వాలితే చాలు, నడుము పట్టేసేది. సరే, అలవాటవుతుందిలే అని సర్దుకున్నాను. పోటీకి వారం ఉందనగా వెనక టైరు పక్కగోడ ఉబ్బింది. కొత్త టైరు కోసం తిరిగితే ఒక మెకానిక్ టైరు మీది అంకె చూసి నా ముఖం చూశాడు. అక్కడ 571 అని ఉంది, టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. ఇప్పటి రోడ్ సైకిళ్ళన్నిటికీ దాదాపుగా ఉండేది 622. వాడుకలో 700సి అంటారు. నాది 650సి. ఒకప్పుడు ట్రయాథ్లాన్ సైకిళ్ళకి ఆ చిన్న చక్రం బాగా వాడేవాళ్ళు, తర్వాత పోయింది. ఆ టైర్లు అసలు దొరకవని కాదు, వెతికి తెప్పించుకోవాలి. నాకు వారమే ఉంది.

చివరికి మా తమ్ముడి మౌంటెన్ బైక్ మీద పోటీ పూర్తి చేశాను. చివర్నుంచి లెక్కపెడితే నా పేరు తొందరగానే దొరికేది. (నవ్వులు) అయినా పూర్తి చేశాను.

అందుకే ఈ విషయం మొదట్లోనే చెప్పేస్తున్నా. మొదటి పోటీకి ట్రయాథ్లాన్ సైకిల్ వద్దు. పాత రోడ్ సైకిల్ కొనండి, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఉంటుంది చూడండి, అది.

"మరి ఏరో బార్లతో వేగం వస్తుందిగా" అంటారు. వస్తుంది, కాదనను. చదును రోడ్డు మీద గంటకి 30 కిలోమీటర్ల దగ్గర మన బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. గాలిని తోయడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే 30 నుంచి 33కి పోవాలంటే వేగం పెరిగేది పది శాతమే, గాలి కోసం పెట్టాల్సిన శక్తి మాత్రం దాదాపు 33 శాతం పెరుగుతుంది. 1989లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చివరిరోజు టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడేది, 24.5 కిలోమీటర్లు. అమెరికా సైక్లిస్టు గ్రెగ్ లెమాండ్ అప్పటికి ట్రయాథ్లాన్ వాళ్ళు వాడుతున్న ఏరో బార్లు పెట్టుకుని దిగాడు. 50 సెకన్లు వెనకబడి ఉన్నవాడు అప్పటిదాకా ముందున్న లోరాఁ ఫిన్యోఁని దాటి మొత్తం టూర్‌ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు.

కానీ ఒక్కటి గమనించండి, గాలికి ఎక్కువ అడ్డుపడేది సైకిల్ కాదు, మన ఒళ్ళు. రోడ్ సైకిల్ మీదే మోచేతులు వంచి, హ్యాండిల్ కింది భాగం పట్టుకుని వంగితే అందులో చాలా భాగం ఉచితంగా వస్తుంది. ఇంకా కావాలంటే మామూలు హ్యాండిల్‌కి బిగించుకునే ఏరో బార్లు విడిగా దొరుకుతాయి, అవి వచ్చే ఏడాది చూసుకోవచ్చు. బిగించేముందు హ్యాండిల్ మధ్య భాగం మందం చూడాలి. ఇప్పటివి ఎక్కువగా 31.8 మిల్లీమీటర్లు, పాతవాటిలో 26 ఉంటుంది. కార్బన్ హ్యాండిలైతే, వాటి మీద బిగించవచ్చని తయారీదారు చెప్తేనే బిగించండి. ఇంకోటి, ఒకరి వెనక ఒకరు గాలి చాటున తొక్కడాన్ని డ్రాఫ్టింగ్ అంటాం. అది అనుమతించే పోటీల్లోకి ట్రయాథ్లాన్ సైకిల్‌ని రానివ్వరు. రోడ్ సైకిలైతే రెండు రకాల పోటీల్లోనూ చెల్లుతుంది.

ఇప్పుడు సైజు. ఎంత మంచి సైకిలైనా సైజు తప్పితే దండగే. సీటు ఎత్తు మార్చుకోవచ్చు, హ్యాండిల్ పట్టి ఉంచే స్టెమ్ మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకోవచ్చు. ఫ్రేముని సాగదీయలేం.

ఇంటికెళ్ళాక ఇలా చేయండి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, ఒక అట్టపుస్తకం కాళ్ళ మధ్య పైకంటా, సీటు మీద కూర్చున్నంత గట్టిగా ఆనించి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. 80 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దాన్ని 0.67తో గుణిస్తే 53.6, అంటే 53, 54 సైజు ఫ్రేము దగ్గర వెతకడం మొదలుపెట్టండి. 0.883తో గుణిస్తే 70.6. పెడల్ ఇరుసు, అంటే రెండు పెడల్ కడ్డీలూ ఫ్రేములో కలిసే ఇరుసు, దాని మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు అది. రెండూ సైకిల్ రేసుల వాళ్ళు ఏళ్ళ తరబడి వాడిన లెక్కలే. శిలాశాసనాలు కావు, మొదలుపెట్టడానికి పనికొస్తాయి. పై గొట్టం వెనక్కి వాలుగా ఉండే ఫ్రేములకి మొదటి లెక్క సరిగ్గా అతకదు. పైగా ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఒకటి కావు. అందుకని మోడల్ పేరూ సంవత్సరమూ అడిగి, దాని కొలతల పట్టికలో స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు చూడండి. స్టాక్ అంటే ఫ్రేము ముందుభాగం ఎత్తు, రీచ్ అంటే అది ముందుకి ఎంత పొడుగుందో. మీకు హాయిగా ఉన్న స్నేహితుడి సైకిల్ అంకెలు ముందే రాసుకుంటే వాటితో పోల్చుకోవచ్చు. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే నేను చిన్నదానివైపే మొగ్గుతాను.

ఇక చూడటానికి వెళ్ళారు. పగటి వెలుతుర్లో వెళ్ళండి. వెంట ఒక చిన్న టార్చి, ఒక స్కేలు, మీ పెడల్స్ ఉంటే పెడల్స్, హెల్మెట్ తీసుకెళ్ళండి. తుడిచి మెరిపించిన సైకిల్ చూసి పొంగిపోకండి, పైన పటారం లోన లొటారం అవ్వచ్చు. దుమ్ము పట్టిన సైకిల్ చూసి ముఖం చిట్లించుకోనూ వద్దు. నేను కొన్న వాటిలో ఎక్కువకాలం నిలిచింది సాలెగూళ్ళతో దొరికిందే.

ముందుగా పడిందా లేదా కనిపెట్టాలి. "ఎప్పుడైనా పడ్డారా?" అని అడగండి, కానీ జవాబు సైకిల్‌నే చెప్పనివ్వండి. సైకిల్ పక్కకి పడితే ముఖ్యంగా నేలకి తగిలే చోట్లు: బ్రేకు మీట బయటి అంచు, సీటు పక్క, పెడల్ చివర, కుడిపక్కకి పడితే గేరు మార్చే వెనక డిరైలర్ కూడా. ఒకే పక్కన వీటన్నిటికీ గీతలుంటే పడ్డట్టే. హ్యాండిల్ టేపు ఒకవైపు కొత్తగా, ఒకవైపు పాతగా ఉన్నా అడగాల్సిందే. పక్కకి పడడం పెద్ద దోషం కాదు, చాలాసార్లు చర్మం దోక్కుపోయినంతే. వెనక్కి వెళ్ళి నిలబడి డిరైలర్ చక్రాల వరస నిలువుగా ఉందా, లోపలికి ఒరిగిందా చూడండి. ఒరిగితే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది, దాన్ని సరిచేయొచ్చు లేదా మార్చొచ్చు.

ముందునుంచి గుద్దుకున్న సైకిల్ సంగతి వేరు. ముందుభాగంలో నిలువు గొట్టానికి వెనక, దిగువ గొట్టం అడుగున వేలితో తడమండి. పెయింటు ముడతలు పడ్డా, సన్నగా ఉబ్బినా మాట్లాడకుండా లేచి వచ్చేయండి. పక్కనుంచి చూస్తే ఫోర్కు వెనక్కి నొక్కుకుపోయినట్టు ఉన్నా అంతే.

కార్బన్ ఫ్రేమైతే నాకు ఇంకాస్త భయం. ఇనుము వంగి చెప్తుంది, అల్యూమినియం సొట్టపడి చెప్తుంది, కార్బన్ పైకి బాగానే ఉండి లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. నాణెంతో గొట్టం పొడుగునా చిన్నగా కొడుతూ వినండి. మధ్యలో ఒకచోట మోత మొద్దుబారితే అనుమానించండి. ఇదీ పక్కా పరీక్ష కాదు, గొట్టం మందం మారినా శబ్దం మారుతుంది. గీత పెయింటు దాకానేనా, లోపలికి దిగిందా తేలకపోతే నా ఓటు అల్యూమినియంకే. ముందు ఫోర్కు కార్బన్, ఫ్రేము అల్యూమినియం ఉన్న సైకిల్ మొదటి ట్రయాథ్లాన్‌కి దివ్యంగా సరిపోతుంది. ఇనుప ఫ్రేమైతే సీటు గొట్టం బయటికి తీసి టార్చితో లోపల తుప్పు చూడండి.

సీటు గొట్టం ఏ ఫ్రేముకైనా తీయించండి. ఏళ్ళుగా కదపకపోతే గొట్టమూ ఫ్రేమూ ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి. ఇనుప ఫ్రేములో అల్యూమినియం గొట్టం, కార్బన్ ఫ్రేములో అల్యూమినియం గొట్టం, రెండూ అలా బిగుసుకునేవే. అది రాకపోతే సీటు ఎత్తు మార్చలేరు, అంటే ఆ సైకిల్ అమ్మేవాడి కాళ్ళకే సరిపోతుంది.

మరొక చోటు ఎవరూ చూడరు. ఇంట్లో ట్రైనర్ అనే స్టాండు మీద బిగించి, ఉన్నచోటే తొక్కిన సైకిల్ మీద రోడ్డు కిలోమీటర్లు తక్కువే ఉంటాయి, దానిమీద కారిన చెమట మాత్రం అపారం. చెమటలో ఉప్పు ఉంటుంది. హ్యాండిల్ టేపు కింద, స్టెమ్ బోల్టుల్లో, హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగులో తెల్లటి పొడీ తుప్పూ కనిపిస్తాయి. "పెద్దగా బయటికే తీయలేదండీ" అని అమ్మేవాళ్ళు గొప్పగా చెప్తే నేను టేపు అంచు విప్పి చూపించమంటాను.

అరిగే సామాను సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అదంతా మార్చుకోగలిగేదే. చైను కొలవడానికి పరికరం లేకపోతే స్కేలు చాలు. చైనులో ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి అరంగుళం. 24 ఖాళీలు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు, 304.8 మిల్లీమీటర్లు రావాలి. 306 దాటి ఇంకాస్త ఉంటే చైను మార్చాలి. 308 ఉంటే క్యాసెట్, అంటే వెనక పళ్ళ చక్రాల గుత్తి, దాని పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, పాత పళ్ళ మీద కొత్త చైను జారుతుంది. రిమ్ము బ్రేకులైతే రిమ్ము పక్కని వేలితో తడమండి. గిన్నెలా లోపలికి గుంట పడితే చక్రం ఆయువు తీరింది. చక్రం తిప్పి బ్రేకు దగ్గర వంకర చూడండి, కొద్దిపాటి బెండు తీయించొచ్చు. ముందు బ్రేకు పట్టి సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ మంటే హెడ్‌సెట్ లూజు. పెడల్ కడ్డీ పట్టి పక్కలకి ఊపితే ఆడితే పెడల్ ఇరుసు బేరింగ్ పోయింది. టైరు పక్కన 25-622 లాంటి అంకె చదవండి. ఆ రెండో అంకె 622 కాకపోతే నన్ను గుర్తుచేసుకోండి. (నవ్వులు) టైరు రిమ్ముకి జిగురుతో అంటించి ఉంటే అది ట్యూబులర్, మొదటి సైకిల్‌కి ఆ తలనొప్పి వద్దు.

చూసిందంతా కాగితం మీద రాయండి: చైను, క్యాసెట్, రెండు టైర్లు, బ్రేకు దిమ్మెలు, కేబుళ్ళు. కొత్తవి ఎంతవుతాయో కూడండి. అడిగిన ధరకి ఆ మొత్తం కలిపితే వచ్చేదే సైకిల్ అసలు ధర. బేరం అక్కడ మొదలవ్వాలి. కాగితం చూపించి అడిగితే అమ్మేవాళ్ళకీ కోపం రాదు. చేతిలో ఉన్న డబ్బుని నాలుగు వంతులు చేసి, మూడు వంతుల లోపే సైకిల్ దొరికేలా చూడండి. మిగతాది సామానుకీ, పంపుకీ, ట్యూబులకీ, హెల్మెట్‌కీ. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, పాతది ఏం దెబ్బ తిన్నదో పైకి తెలియదు.

దొంగ సైకిల్ గురించి కూడా ఒక ముక్క. సైకిల్ తలకిందులుగా తిప్పితే పెడల్ ఇరుసు అడుగున సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని గీకేసినా, దాని మీద స్టిక్కర్ వేసినా వదిలేయండి. కొన్న బిల్లు అడగండి. బిల్లు లేకపోవడం మామూలే, కానీ నిజంగా తొక్కినవాడు ఏ టైరు ఎప్పుడు మార్చాడో, ఎందుకు అమ్ముతున్నాడో తడుముకోకుండా చెప్తాడు. అమ్మేవాళ్ళకి సీటు ఎత్తు కూడా సరిపోని సైకిల్ చూస్తే నాకు గుండెలో రాయి పడుతుంది.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: సార్, ఎప్పుడు కొంటే చౌక?

పోటీల సీజన్ అయిపోయిన వెంటనే. అప్పుడు కొందరు పెద్ద సైకిల్‌కి మారతారు, కొందరు ఇక చాలు బాబూ అనుకుంటారు, ఇద్దరికీ ఇంట్లో చోటు కావాలి. సీజన్ మొదట్లో అందరూ మీలాగే వెతుకుతుంటారు. కానీ అమ్మా, పోటీ రెండు నెలల్లో ఉంటే సీజన్ కోసం ఆగకండి, సాధన పోతుంది. అరువు తెచ్చుకోండి.

ప్రశ్న: గేర్లు ఎన్ని ఉండాలండీ? పదకొండు లేకపోతే పనికిరాదంటున్నారు.

ఎవరన్నారు? (నవ్వులు) షిమానో కంపెనీ గేర్ల సెట్లలో క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10 గేర్లు వెనక ఉండేవి. వాటిలో ఏదైనా చాలు, అరిగితే సామాను దొరుకుతుంది. మీరు చూడాల్సింది ముందు పళ్ళ చక్రాలు. 53, 39 పళ్ళు ఉంటే రేసువాళ్ళ సైకిల్, ఎక్కుడు రోడ్డొస్తే మోకాళ్ళు ఏడుస్తాయి. 50, 34 ఉన్నది తీసుకోండి. వెనక పెద్ద పళ్ళ చక్రం 28 ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: షూ బిగించే పెడల్స్ తప్పనిసరా అన్నా?

కాదు. పరుగు షూతోనే మామూలు పెడల్స్ తొక్కు. సైకిల్ దిగాక షూ మార్చే పని కూడా తప్పుతుంది. ఒక్కటి మర్చిపోకు, సైకిల్‌ని స్టాండు నుంచి తీయకముందే హెల్మెట్ పట్టీ బిగించి ఉండాలి, లేదంటే శిక్ష వేస్తారు. హ్యాండిల్ రెండు చివర్లకీ మూతలున్నాయా చూసుకో, పాత సైకిళ్ళకి అవి ఊడిపోయి ఉంటాయి, తనిఖీలో ఆపేస్తారు.

ప్రశ్న: మీరన్న ఆ చిన్న చక్రాల సైకిల్ ఏమైంది?

అమ్మడానికి మనసొప్పలేదు, ఇంకొకరిని ఇరికించినట్టవుతుందని. మా ఇంట్లో గోడకి వేలాడుతోంది.

సరే, ఆ మూల రెండు సైకిళ్ళు పెట్టించాను. ఒకటి పక్కకి మాత్రమే పడింది, ఇంకోటి ముందునుంచి గుద్దుకుంది. టార్చి బల్ల మీద ఉంది. ముగ్గురు ముగ్గురుగా వెళ్ళి తడిమి చూసి, ఏది ఏదో కాగితం మీద రాసి నాకివ్వండి.